గుండె ఆగిందని రాస్తరు, ఎండ అని రాయరు

ఈ పోస్టు కొంచెం పొడుగైతది. ఈ రోజు సెలవే కదా, చాయ్ పెట్టుకొని నిమ్మళంగా చదవండి. తప్పులుంటే చెప్పండి, తిట్టేది ఉంటే కిందనే తిట్టండి.

మొన్న రాత్రి మా రూములో పెద్ద లొల్లి అయింది. మా రూముల ఎనిమిది మందిమి. నిజామాబాద్ దిక్కు అన్న ఒకాయన ఫోన్‌ల వీడియో పెట్టిండు. సూటేసుకున్న ఒక పెద్దమనిషి, భూమి వేడెక్కుడు అనేది అంతా కట్టుకథ, సైంటిస్టులు పైసల కోసం అల్లిన్రు, ఎండలు ఎప్పుడూ ఉన్నయే అని చెప్తున్నడు. కింద ఎవరో తెలుగుల రాసి పెట్టిన్రు. వీడియో అయిపోయినంక అన్న అన్నడు: "నిజమే కదనే. ఎడారిల ఎండ కొట్టకుంటే మంచు పడ్తదా?" అందరం నవ్వినం. నేను కూడా నవ్విన.

తర్వాత లైటు బంద్ చేసి పండుకున్న గని నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మాట నాదే. తొమ్మిదేండ్ల కింద ఒక పిల్లగానితోని ఇదే మాట అన్న.

ఆగస్టు నెల. నేను అప్పుడు కొత్తగా ఫోర్‌మన్ అయిన. సిరిసిల్ల దిక్కు పిల్లగాడు, ఇరవై నాలుగేండ్లు ఉంటయి, షట్టరింగ్ గ్యాంగుల హెల్పర్. పొద్దున తొమ్మిది దాటింది. స్లాబు మీద ప్లైవుడ్ మోస్తున్నడు. నా దగ్గరికి వచ్చి "అన్నా, కండ్లు తిరుగుతున్నయి, జర సేపు కింద కూసుంట" అన్నడు. పదిన్నరకు కాంక్రీటు బండ్లు బుక్ అయి ఉన్నయి. ఇన్‌స్పెక్షన్ కాలేదు. నా టెన్షన్ల నేనున్న. "ఎడారిల ఎండ కొట్టకుంటే మంచు పడ్తదా? నాటకాలు చెయ్యకు, పో" అన్న.

ఇరవై నిమిషాలకు పడిపోయిండు. ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది. ఏం మాట్లాడుతున్నడో వానికే తెల్వదు, వాళ్ల అమ్మను పిలుస్తున్నడు. పికప్పుల ఏసీ పెట్టి పండుకోబెట్టి, నీళ్ల కూలర్ మొత్తం వాని మీద పోసినం. అంబులెన్స్ వచ్చింది. బతికిండు. కానీ కిడ్నీలు దెబ్బతిన్నయి. రెండు నెలలకు ఇంటికి పంపిన్రు, మళ్ల రాలేదు.

అసలు సంగతి ఇది కాదు. ఆ రోజు సాయంత్రం ఆఫీసుల ఒక కాగితం పెట్టిన్రు. అందుల "సదరు కార్మికుడు పొద్దున నుంచే అనారోగ్యంగా ఉన్నాడు, సైట్ పరిస్థితులకు సంబంధం లేదు" అని ఇంగ్లీషుల టైపు చేసి ఉన్నది. కింద సాక్షి అని నా పేరు. నేను సంతకం పెట్టిన. కంపెనీ పేరు రాయను. ఇప్పుడు నేను అందుల లేను, అయినా రాయను. నాకు ఇద్దరు పిల్లల ఫీజులున్నయి.

అందుకే ఈ వాతావరణం నమ్ముడు, నమ్మకపోవుడు అనే పంచాయితీ నాకు టీవీ డిబేట్ లెక్క అనిపించదు. ఎండ ఎంత, దాని వల్ల ఏమైంది అని కాగితం మీద ఎవరు రాస్తరు, ఎవరు రాయకుండ ఆపుతరు అన్నదే అసలు పంచాయితీ. ఆ కాగితం మీద నా చెయ్యి కూడా పడ్డది.

నేను పదో తరగతి చదివిన. సైంటిస్టును కాదు. కానీ ఇరవై ఏండ్లుగా కొలతల మీదనే బతుకుతున్న. రసమట్టం పెట్టకుండ గోడ లేపనియ్యం. కాంక్రీటు పోసినప్పుడు క్యూబులు తీస్తం, ఏడు రోజులకు కొన్ని, ఇరవై ఎనిమిది రోజులకు కొన్ని పగలగొట్టి చూస్తం. క్యూబు ఫెయిలైతే కాంట్రాక్టరు "నేను నమ్మను" అంటే కన్సల్టెంట్ ఊకుంటడా? మళ్ల టెస్ట్ చేయించు, వేరే ల్యాబ్‌కు పంపు, కోర్ కట్ చేసి చూడు అంటడు. అనుమానం ఉంటే కొలవాలె. మన సైట్ల అదే పద్ధతి.

భూమి వేడి విషయంల కూడా ఒకాయన సరిగ్గా ఇదే చేసిండు. ఈ సంగతి నేను చాలా లేటుగా తెలుసుకున్న, అందుకే మీకు చెప్తున్న. అమెరికాల రిచర్డ్ ముల్లర్ అని ఫిజిక్స్ ప్రొఫెసర్. ఈ వేడి లెక్కల మీద ఆయనకు గట్టి అనుమానాలు ఉండేవి. థర్మామీటర్లు పెట్టిన జాగాలు సరిగ్గా లేవు, చుట్టూ ఊళ్లు పెరిగినయి, సిమెంటు రోడ్ల వేడి అందుల కలిసిపోయింది, కొన్ని స్టేషన్ల లెక్కలే ఏరుకున్నరు అని అనేవాడు. ఇవి మంచి ప్రశ్నలే. మనం కూడా బెంచ్‌మార్క్ కదిలిందేమో అని అడుగుతం కదా. ఆయన మాటలతోనే ఆగలేదు, బర్కిలీ ఎర్త్ అని ఒక టీమును పెట్టి పాత లెక్కలన్నీ మొదటి నుంచి మళ్ల చేసిండు. ఆ టీముకు పైసలిచ్చిన వాళ్లల్ల చార్లెస్ కోక్ ఫౌండేషన్ కూడా ఉన్నది. ఆ కోక్‌ది చమురు వ్యాపారం. అంటే అనుమానం ఉన్నోళ్లే పైసలు పెట్టి చేయించిన థర్డ్ పార్టీ టెస్ట్ అనుకోండి.

2012లో రిజల్ట్ చెప్పాడు. నేల మీద సగటు వేడి 250 ఏండ్లలో సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరిగిన మాట నిజమే, ఊళ్లు పెరగడం వల్ల ఆ లెక్క తప్పు కాలేదు, కారణం దాదాపు మొత్తం మనుషులే అని పేపర్ల తన పేరుతోని రాసి ఒప్పుకున్నాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది. మన సైట్ల ఇరవై ఏండ్లల్ల తన లెవల్ తప్పని అందరి ముందల ఒప్పుకున్న ఇంజినీర్లను నేను ముగ్గురినే చూసిన.

మొన్న రూముల అన్న ఇంకోటి అడిగిండు. సూర్యుడే ఎక్కువ మండుతున్నడేమో అని. ఇది కూడా కొలిచిన్రు. 1970ల చివరి నుంచి ఉపగ్రహాలు సూర్యుని వేడిని కొలుస్తున్నయి. పదకొండేండ్లకొకసారి కొంచెం పైకి, కొంచెం కిందికి పోతది తప్ప పెరుగుకుంట పోలేదు. ఇంకో గుర్తు ఉన్నది. సూర్యుడే కారణమైతే గాలి పొరలు కింద, పైన అన్నీ వేడెక్కాలె. కానీ కింది గాలి వేడెక్కుతున్నది, చాలా పైన ఉన్న పొర సల్లబడుతున్నది. అంటే వేడి పైకి పోకుండ మధ్యల పట్టుకుంటున్నది ఏదో ఉన్నది. అదే కార్బన్ డయాక్సైడ్. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండేది. 1958లో హవాయి కొండ మీద రోజూ కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 చిల్లర. ఇప్పుడు 420 దాటింది. ఈ వాయువు వేడిని పట్టుకుంటదని 1850లలోనే ప్రయోగం చేసి చూపిన్రు. అప్పటికి ఈ దుబాయ్‌ల చమురు లేదు, కారు లేదు, ఏ పార్టీ లేదు. నిన్న మొన్న పైసల కోసం అల్లిన కథ అంటే ఎట్లా నమ్మాలె?

వాన సంగతి కూడా చెప్పాలె, ఎందుకంటే అది మనందరం కండ్లతోని చూసినం. 2024 ఏప్రిల్ 16. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లా అనే చోట ఒక్క రోజు లోపల 254.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. 1949 నుంచి ఈ దేశంల లెక్కలున్నయి, అంత వాన ఎన్నడూ లేదు. దుబాయ్‌ల ఏడాది మొత్తం పడేదే సుమారు 100. మా క్యాంపు ముందల మోకాళ్లు దాటిన నీళ్లు. బస్సులు రాలేదు, డ్యూటీ లేదు. కింది అంతస్తు వాళ్ల బియ్యం బస్తాలు, పెట్టెలు అన్నీ నానిపోయినయి. ఒక బెంగాలీ తమ్ముడు ఊరికి తీస్కపోదామని కొన్న కంబళ్లు నీళ్లల్ల నుంచి తీసి పిండుతున్నడు, ఇప్పటికీ నా కండ్ల ముందల ఉన్నది.

వాన ఆగకముందే ఫోన్లల్ల తీర్పు వచ్చేసింది. విమానాలతోని మేఘాలల్ల మందు చల్లిన్రు, అది ఎక్కువై ఇట్లయింది అని. నేను కూడా నమ్మిన, ఇంటికి ఫోన్ చేసి గదే చెప్పిన. ఈ దేశంల మేఘ మథనం చేస్తరు, అది దాపరికం ఏం కాదు. అందుకే అది తొందరగా నమ్మబుద్ధి అయితది. కానీ తర్వాత కూసొని ఆలోచిస్తే లెక్క కలవలేదు. ఒకటి, ఆ తుఫాను సమయంల విమానాలు పంపలేదని ఇక్కడి వాతావరణ కేంద్రం చెప్పింది. సరే, వాళ్ల మాట పక్కకు పెడదాం. ఇదే తుఫాను మనకంటే ముందు ఒమన్ మీద పడ్డది, అక్కడ బడి పిల్లలు కూడా కొట్టుకపోయిన్రు. వస్తున్నదని రోజుల ముందే వాతావరణ శాఖలు చెప్పినయి. మందు చల్లితే ఉన్న మేఘం నుంచి కొంచెం ఎక్కువ రాలుతది తప్ప, రెండు మూడు దేశాల మీద పరుచుకున్న తుఫాను పుట్టదు. ఉప్పేస్తే కూర రుచి మారుతది గని కుండెడు కూర ఊరదు కదా.

తర్వాత కొందరు సైంటిస్టులు కలిసి లెక్క చేసిన్రు. ఎల్ నినో వచ్చిన ఏండ్లల్ల ఈ ప్రాంతంల ఇట్లాంటి గట్టి వానలు ముందటికంటే 10 నుంచి 40 శాతం ఎక్కువ పడుతున్నయని తేల్చారు. వేడి గాలి ఒక డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ నీళ్లను మోస్తది, అదే కారణం కావొచ్చన్నారు. దాంతోపాటే, కంప్యూటర్ మోడళ్లల్ల ఇది స్పష్టంగా కనిపించలేదని, అందుకని ఇంతే శాతం అని గట్టిగా చెప్పలేమని కూడా వాళ్లే రాశారు. ఈ ముక్క దగ్గర నేను ఆగిపోయిన. పైసల కోసం అబద్ధం చెప్పేటోడు తన లెక్కల ఎక్కడ గట్టితనం లేదో తానే రాసిస్తడా? ఆ వీడియోల సూటాయన మాత్రం ఒక్క దగ్గర కూడా "ఇది నాకు సరిగ్గా తెల్వదు" అనలేదు.

మరి ఈ అనుమానం ఎక్కడ పుట్టింది? మన రూముల పుట్టలేదు అన్నలారా. ఎక్సాన్ అని అమెరికా చమురు కంపెనీ ఉన్నది కదా, మన దగ్గర పెట్రోలు బంకు నడిపేటోళ్లకు కూడా తెలిసిన పేరే. దాని సొంత సైంటిస్టులే 1977 నుంచి పైవాళ్లకు చెప్తూ వచ్చారు, చమురు, బొగ్గు ఇట్లనే కాలిస్తే భూమి వేడెక్కుతదని. పదేండ్లకు సుమారు 0.2 డిగ్రీలు పెరుగుతదని లెక్క కూడా కట్టి ఇచ్చారు. 2023లో సైన్స్ అనే పెద్ద పత్రికలో ఆ పాత లెక్కలను నిజంగా పెరిగిన వేడితోని పోల్చి చూస్తే చాలామట్టుకు సరిగ్గా సరిపోయినయి. కంపెనీ మాత్రం బయట ఏండ్ల తరబడి, ఇంకా ఏదీ తేలలేదు, అనుమానాలున్నయి అనే చెప్పుకుంట వచ్చింది. లోపల క్యూబ్ రిపోర్టు చేతుల పెట్టుకొని, బయట "టెస్ట్ ఇంకా కాలేదు సార్" అన్నట్టు.

అంతకు ముందు సిగరెట్ కంపెనీలు చేసింది కూడా ఇదే. క్యాన్సర్ వస్తదని లోపల తెలుసు, బయట యాభై ఏండ్లు "డాక్టర్లకే ఏకాభిప్రాయం లేదు" అన్నరు. 2006లో అమెరికా కోర్టు, జనాన్ని మోసం చేసిన్రని తీర్పిచ్చింది. అబద్ధాన్ని నమ్మించాల్సిన పని లేదు, నిజం మీద అనుమానం పుట్టిస్తే చాలు, ఏండ్లు గడిచిపోతయి, వ్యాపారం నడుస్తది. 2025 సెప్టెంబరుల అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఐక్యరాజ్య సమితిల నిలబడి ఇదంతా ప్రపంచంలోనే అతి పెద్ద మోసం అని మాట్లాడిండు. అంత పెద్ద మనిషే అన్నంక మన రూముల అన్న అనకుండ ఎట్లుంటడు?

ఇంకో తమాషా చూడండి. చమురు అమ్ముకొని బతికే ఈ గల్ఫ్ దేశాలే ఇది అబద్ధం అంటలేవు. 2023 డిసెంబరుల దుబాయ్ ఎక్స్‌పో సిటీల జరిగిన కాప్ 28 సభల, చమురు, బొగ్గు, గ్యాసు వాడకం నుంచి దూరం జరగాలని మొదటిసారి కాగితం మీదికి వచ్చింది. అందరూ ఒప్పుకున్నరు, ఆతిథ్యం ఇచ్చింది ఈ దేశమే. ఇటు బరాకాల అణు కరెంటు తయారైతున్నది, అటు ఎడారిల కిలోమీటర్ల కొద్దీ సోలార్ పలకలు పరిచిన్రు. మనోళ్లే బిగించిన్రు వాటిని. బావుల నుంచి చమురు తీసుడు బంద్ కాలేదు, అది వేరే సంగతి. కానీ సరుకు అమ్మేటోడే "దీంతోని ప్రమాదం ఉన్నది" అని సంతకం పెడ్తే, కొన్నోని కింద పనిచేసే మనం "అబద్ధం" అని కొట్లాడుడేంది?

ఇప్పుడు మన సంగతికి వస్త. ఇక్కడ మిడ్‌డే బ్రేక్ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు, పన్నెండున్నర నుంచి మూడు వరకు. మంచి రూల్, నేను కాదనను. కట్టు తప్పిన కంపెనీకి మనిషికి 5,000 దిర్హాముల జరిమానా ఉన్నది, 50,000 వరకు పోతది. కానీ రూల్ క్యాలెండర్ చూసి నడుస్తది, ఎండ క్యాలెండర్ చూడదు. 2025 మే 24న స్వేహాన్‌ల 51.6 డిగ్రీలు. జూన్ 15కు ఇంకా మూడు వారాలున్నది. ఆ రోజు బ్రేక్ ఉన్నదా? రూల్ ప్రకారం లేదు.

ఖతర్‌ల కూడా క్యాలెండర్ రూల్ ఉన్నది, జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు పొద్దున పది నుంచి మూడున్నర దాకా. దానికి తోడు 2021 నుంచి ఇంకో రూల్ పెట్టిన్రు. డబ్ల్యూబీజీటీ అని ఒక కొలత ఉన్నది, అది 32.1 దాటితే ఏ నెలైనా, ఏ గంటైనా బయట పని ఆపాలె. ఇది మామూలు థర్మామీటర్ కాదు. ఒక బల్బుకు తడి గుడ్డ చుట్టి ఉంటది, ఒకటి నల్ల గోళంల ఉంటది, ఒకటి నీడల ఉంటది. ఎండ, గాలి, ఉక్కపోత అన్నీ కలిపి మనిషి ఒంటికి ఎంత తగులుతున్నదో చెప్తది. తడి గుడ్డకు దాంట్ల అన్నిటికంటే ఎక్కువ లెక్క, పదిల ఏడు పాళ్లు. ఎందుకంటే మన ఒళ్లు సల్లబడేది చెమట ఆరితేనే. ఆగస్టుల సముద్రం గాలి తేమతోని ఉన్నప్పుడు చెమట కారుతది గని ఆరదు. ఫోన్ల 38 డిగ్రీలే చూపిస్తది, మనిషి మాత్రం లోపల ఉడుకుతుంటడు. జగిత్యాలల 44 డిగ్రీల ఎండల పొలం పని చేసిన మనోడు ఇక్కడ 38కి ఎందుకు పడిపోతడో నాకు చానా ఏండ్లు అర్థం కాలేదు. నాటకం అనుకున్న.

పోయిన ఎండాకాలం నేనే ఒక చేతి మీటరు కొన్న, సొంత పైసలతోని. మా ఇంటామె ఫోన్ల "గదెందుకు, పిల్లకు సైకిల్ కొనమన్న కదా" అని కోపం చేసింది. ఆగస్టుల ఒక రోజు స్లాబు మీద పెడితే పొద్దున ఎనిమిదిన్నరకే 32 దాటింది. ఎనిమిదిన్నర! బ్రేకుకు ఇంకా నాలుగు గంటలు. ఆ సిరిసిల్ల పిల్లగాడు పడ్డది కూడా తొమ్మిది దాటినంకనే.

ఇంకో లెక్క చెప్త. ఖతర్‌ల 2009 నుంచి 2017 దాకా చనిపోయిన నేపాలీ కార్మికుల మీద డాక్టర్లు పరిశోధన చేసి 2019లో అచ్చు వేశారు. గుండె జబ్బు అని రాసిన మరణాలు 571. అవి వేడి నెలలల్లనే ఎక్కువైనయి. ఎండ నుంచి సరిగ్గా కాపాడితే అందుల 200 మంది దాకా బతికేటోళ్లు అని తేల్చిన్రు. ఆ కాగితాలల్ల ఎండ అనే మాట లేదు. గుండె ఆగింది, సహజ మరణం, అంతే. పాతికేండ్ల పోరగానికి సహజ మరణం ఏంది? మన కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలకు పెట్టెలల్ల వచ్చినోళ్ల కాగితాలు మీరు కూడా చూసే ఉంటరు. నేను నాలుగు చూసిన. నాలుగింట్ల అదే మాట.

మన దగ్గర కొంచెం నయం. 2015 ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాలల్ల వెయ్యి మందికి పైగా పోయినప్పుడు వడదెబ్బ అనే మాట కనీసం పేపర్ల వచ్చింది, సర్కారు లెక్క రాసింది. 2025లో తెలంగాణ సర్కారు వడదెబ్బను విపత్తు కింద చేర్చి 4 లక్షల సాయం అన్నది. రావడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో వేరే కథ. కానీ ఎండ మనిషిని చంపుతదని కాగితం మీద ఒప్పుకున్నరు కదా. ఇక్కడ అదే కావాలె.

ఇదంతా రూముల చెప్పిన. నిజామాబాద్ అన్న చానా సేపు మాట్లాడలేదు. తర్వాత అన్నడు, "తమ్మీ, నువ్వన్నది నిజమే అనుకో. మీటరు చూసి పని ఆపితే నా ఓటీ పోతది. బిడ్డ పెండ్లి అప్పు నువ్వు కడ్తవా?"

నా దగ్గర జవాబు లేకపోయె. నిజానికి మన అనుమానం, ఆ చమురు కంపెనీల అనుమానం ఒకటి కాదు. వాళ్లు తెలిసి చెప్పిన్రు, లాభం కోసం. మనం నమ్మితే ఏం చెయ్యాలో తెల్వక నమ్మం. మిత్తి నెత్తిన ఉన్నప్పుడు ఎండ ఎక్కువైంది అని ఒప్పుకునుడు కూడా ఖర్చే. ఇంకా చెప్పాలంటే నా జీతం కూడా చమురు పైసలతోనే వస్తది. సిమెంటు తయారీల నుంచే ప్రపంచంల వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ల 7, 8 శాతం వస్తదట. నేను పోయించిన స్లాబులు లెక్కేస్తే నా వాటా కూడా తక్కువేం కాదు. కాబట్టి నేనేదో శుద్ధపూసను అని ఈ పోస్టు రాస్తలేను.

కానీ ఓటీ సంగతి ఆలోచించినం ఇద్దరం, రాత్రి పన్నెండు దాకా. పని ఆపుడు అంటే గంటలు తగ్గుడే కానక్కర లేదు. పెద్ద సైట్లల్ల జూలై, ఆగస్టుల కాంక్రీటు రాత్రే పోస్తున్నరు, ఎందుకంటే ఎండల పోస్తే పగుళ్లు వస్తయని స్పెసిఫికేషన్ల రాసి ఉన్నది. కాంక్రీటు టెంపరేచర్ బండి దిగకముందే కొలుస్తం, ఎక్కువుంటే బండి వాపస్ పంపిస్తం, ఐసు కలిపి తెస్తరు. ఇరవై ఏండ్ల నుంచి నేనే కొలుస్తున్న. కాంక్రీటుకు థర్మామీటరు పెట్టిన సైట్ల మనిషికి పెట్టలేదు అన్న సంగతి ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు. కాంక్రీటు కోసం షిఫ్టు మార్చగలిగినోళ్లు షట్టరింగ్ గ్యాంగు కోసం మార్చలేరా? అన్న దానికి మాత్రం "గది అడుగు, గది బాగున్నది" అన్నడు.

ఈ ఏడాది నుంచి నేను డైలీ రిపోర్టుల మూడు పూటలు మీటరు రీడింగ్ రాస్తున్న, పొద్దున ఎనిమిదికి, పదకొండుకు, సాయంత్రం నాలుగుకు. రిపోర్టు ఫారంల ఆ గడి లేదు. వాతావరణం అనే గడిల ముందు "ఎండ" అని ఒక్క మాట రాసేటోన్ని, ఇప్పుడు అంకె రాస్తున్న. సేఫ్టీ ఆఫీసర్ మలబారి ఆయన, మొదటి వారం "ఇదేంటి, ఎవరు రాయమన్నరు" అని అడిగిండు. ఎవరూ రాయమనలేదు అన్న. తీసెయ్యమని మాత్రం అనలేదు. రెండో వారం ఆయనే వచ్చి మీటరు చూపించమన్నడు, తడి గుడ్డ ఆరిపోయింది, నీళ్లు పొయ్యి అని చెప్పి పోయిండు. రేపు ఎవరైనా పడిపోతే ఆ కాగితం నా సంతకంతోనే ఉంటది, ఈసారి అంకెతోని.

ఆ సిరిసిల్ల తమ్మునికి నేను ఈ సంగతి ఇంకా చెప్పలేదు. పండుగకు ఫోన్ చేస్తడు, "అన్నా బాగున్నవా" అంటడు, వాడే ముందు అడుగుతడు. ఆ రోజు నేను సంతకం పెట్టిన కాగితం సంగతి వానికి తెల్వదు. ఈ పోస్టు చదువుతడేమో. చదివితే, తమ్మీ, ఫోన్ చెయ్యి, నేనే చెప్త.

మిగతా అన్నలు, తమ్ముళ్లు: మీ సైట్ల డబ్ల్యూబీజీటీ మీటరు ఉన్నదా? ఏ దేశం, ఏ పని, పొద్దున ఎన్నింటికి మొదలు పెడుతున్నరు, మే నెలల ఆపుతున్నరా లేదా, కింద రాయండి. కంపెనీ పేర్లు, మనుషుల పేర్లు మాత్రం రాయకండి, లేనిపోని తలనొప్పి. ఆ వీడియో మీకు కూడా వచ్చి ఉంటే, పంపినోన్ని తిట్టకండి. నేను కూడా ముందు నవ్వినోన్నే.